ఉప్పెక్కిన బాన

తెల్లారేసరికి వెంకటశేషమ్మ దొరువు దగ్గర ఉండేది. దొరువంటే ఇసకలో తీసిన గుంట, అంతే. మెట్లు ఉండవు, ఒర ఉండదు, వంగి ముంచుకోవడమే. దొరువుపాళెంలో ఏ బావి తోడినా నీళ్ళు నోట పెట్టుకునేటట్టు ఉండవు, సముద్రం అంత దగ్గర. ఈ ఒక్క దొరువు నీళ్ళు మాత్రం లేత కొబ్బరినీళ్ళు. అది వెంకటశేషమ్మ వాళ్ళది. పూడిక తీయించేది ఆమె, చుట్టూ కంప కట్టించేది ఆమె, ఎవరు ముందు ముంచుకోవాలో ఎవరు తర్వాతో చెప్పేదీ ఆమే. చెంబు అడుగుకి తగిలి ఇసక రేగిందా, ఆ మనిషి వారం రోజులు ఆ పక్కకి రాకూడదు. పేర్లు ఏ కాగితం మీదా రాసుకోదు, ఆమెకి రాయడం రాదు. అయినా ఎవరి వారం ఎప్పుడు తీరుతుందో ఆమె మరిచిపోయిన రోజు లేదు.

ఊరందరికీ నీళ్ళిచ్చేది, ఒక్క మస్తానమ్మ ఇంటికి తప్ప. ఎందుకని అడిగితే, "వాళ్ళనే అడగండి" అనేది. వాళ్ళనడిగితే వాళ్ళకీ తెలియదు. కాలవ నీళ్ళ వంతు దగ్గర తగువని కొందరు, బంగారం సంగతని కొందరు అనుకున్నారు. అనుకునేవాళ్ళు ముసలివాళ్ళయిపోయినారు గానీ సంగతి బయటికి రాలేదు.

దొరువు నుంచి తెచ్చిన నీళ్ళు నడవలో ఉన్న బానలో పోసేది. ఆ బాన వాళ్ళ అత్తగారి అత్తగారి కాలంది, నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. దాని సంగతి ఊళ్ళో పాలు తాగే బిడ్డకి కూడా తెలుసు. మాట గొంతులోనే మింగేసిన మనిషి పక్కన కాసేపు కూర్చుంటే ఆ బానలో నీళ్ళు ఉప్పెక్కుతాయి. ఆ మాట బయటికి వచ్చేస్తే మళ్ళీ తియ్యనవుతాయి. అన్నదమ్ములు వేరు పడేటప్పుడు దాన్ని అడిగి పట్టుకుపోయి మధ్యలో పెట్టుకునేవాళ్ళు. సంబంధం మాట్లాడేటప్పుడు పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ కూడా దాని పక్కనే చాప మీద కూర్చోబెట్టేవాళ్ళు. పప్పుకి నీళ్ళు ముంచేముందు ఆ బాన దగ్గరికి ఎవరినీ రానియ్యకూడదు, పప్పు పాడవుతుంది. ఊరికి దానితో ఉన్న ఇబ్బంది అదొక్కటే.

వెంకటశేషమ్మ మాత్రం నీళ్ళు పోసి, మూత పెట్టి, వచ్చి వీధి అరుగు మీద కూర్చునేది. నడవలో ఉక్క అనేది.

ఆమె కొడుకు హజరత్తయ్య సూళ్ళూరుపేట బియ్యం మిల్లులో పని చేసేవాడు. అతనికి ఆరంబాకం పిల్లని చేసుకున్నారు. ఆరంబాకం అంటే రైల్లో తడ దాటితే వచ్చేదే. తెలుగువాళ్ళే, ఇంట్లో మాటా తెలుగే, కానీ కొత్తగా గీసిన గీతకి అవతల పక్క మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయినారు. పిల్ల పేరు చెంచులక్ష్మి. మద్రాసులో ఉండి చదువుకుంది. టీచరు ట్రైనింగు అయినాక, పిల్లల మనసులో కష్టం కనుక్కుని దారి చెప్పే ఇంకో ట్రైనింగు కూడా చేసింది. కౌన్సిలరంటారు ఆ పని చేసేవాళ్ళని.

దొరువు దగ్గర ఆ పేరు మొదట వినంగానే జమాల్‌బీ నవ్వింది. "కౌన్సిలరా? ఓట్లెప్పుడు పెట్టినారక్కా? నేను వెయ్యలేదే!"

"ఆ కౌన్సిలరు కాదు లేమే. ఇది బళ్ళో కౌన్సిలరు" అంది వెంకటశేషమ్మ.

"బళ్ళో ఏం చేస్తాది? లెక్కలు చెప్తాదా?"

"చెప్పదు. వింటాది."

"వినేదానికి జీతమా!" అని జమాల్‌బీ బుగ్గన వేలు పెట్టుకుంది. "అట్టయితే మా ఆయన మాటలు ఇన్నేండ్లు విన్నాను, నాకెంత రావాలక్కా?"

అందరూ నవ్వినారు. వెంకటశేషమ్మ నవ్వలేదు. ఆరోజు జమాల్‌బీ చెంబు అడుగుకి తగల్లేదు గానీ తగిలినట్టే లెక్క వేసుకుంది.

ఇంట్లో మాత్రం కోడల్ని ఆమె అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు. చీర మడత దగ్గర నుంచి చారు పోపు దాకా అన్నిటికీ వంక ఉండేది. అన్నిటికన్నా పెద్ద వంక బియ్యం. చెంచులక్ష్మి చేటలో బియ్యం ఏరితే రాళ్ళు ఉండిపోయేవి. కళ్ళకి కనపడే రాళ్ళు, కంది గింజంతేసి.

"ఏందమ్మాయ్, మద్రాసులో కళ్ళు పోగొట్టుకోనొచ్చినావా? ఇట్టా తే!" అని వెంకటశేషమ్మ చేట లాక్కుని తనే మళ్ళీ ఏరేది. ఏరేటప్పుడు ఊరికే ఉండలేదు కాబట్టి ఏదో ఒకటి మాట్లాడేది, వరి కయ్యల సంగతి, చచ్చిపోయిన మొగుడి సంగతి, ఏ బుట్టలో ఏ విత్తనం ఉందో ఆ సంగతి. చెంచులక్ష్మి పక్కన కూర్చుని ఊ కొట్టేది.

*

పెళ్ళయిన ఏడాదే చెంచులక్ష్మి తన కాగితాలు తీసుకుని పనికోసం వెళ్ళింది. దొరువుపాళెం హైస్కూల్లో అట్లాంటి పని ఒకటి కొత్తగా వచ్చిందని విన్నారు. పై ఆఫీసులో కాగితాలు చూసి, "మద్రాసు సర్టిఫికెట్టు ఇక్కడ చెల్లదమ్మా" అన్నారు. ఏడాది పాటు తాత్కాలికంగా పని చేయాలి. ఏడాది చివర ఇన్‌స్పెక్టరు వచ్చి పని చూడాలి. ఆయన బాగుందని రాసి, కింద హెడ్‌మాస్టరు కూడా సంతకం పెడితే హైదరాబాదు నుంచి ఈ రాష్ట్రం సర్టిఫికెట్టు వస్తుంది. లేదంటే ఆ పని ఇంకొకరికి పోతుంది.

వెంకటశేషమ్మ ఆ మాట విని అరుగు మీద నుంచి లేచి నిలబడింది.

"మూడు స్టేషన్లు దాటేలోపల చదువు చెల్లకుండా పోద్దా? నువ్వు తెచ్చిన ఇత్తడి బిందె ఇక్కడ బిందె కాకుండా పోయిందా? నీ మెళ్ళో పసుపుతాడు చెల్లలేదా? అదేం రైలు, ఎక్కినప్పుడు చదువుకున్న పిల్ల, దిగినప్పుడు చదువు లేని పిల్లా?"

"రూలు అట్టుంది అత్తమ్మా."

"రూలు చెప్పినోడి పేరేంది?"

చెంచులక్ష్మి చెప్పలేదు. చెప్తే ఆ పేరు అత్తగారి దగ్గర ఎన్నాళ్ళుంటుందో ఆమెకి తెలుసు.

"రాకపోతే ఏం చేస్తావు?" అంది వెంకటశేషమ్మ.

"గుమ్మిడిపూండి బళ్ళో ఇస్తామంటున్నారు. అక్కడ నా కాగితం చెల్లుతాది. ఆరంబాకంలో అమ్మావాళ్ళ ఇంట్లో ఉండి పొయ్యొస్తా. ఆదివారాలు ఇక్కడికి వస్తాను."

ఆదివారం చుట్టం వెంకటశేషమ్మకి ఎందుకు? బియ్యం ఏరేటప్పుడు ఊ కొట్టే మనిషి లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఆమె అంతకుముందే చాలా ఏళ్ళు చూసింది.

ఇంకో చిక్కు ఉంది. ఆ హైస్కూలు హెడ్‌మాస్టరు పద్మనాభయ్య. మస్తానమ్మ రెండో కొడుకు.

*

బడి మొదలైన నెలకి చెంచులక్ష్మి బాన అడిగింది.

"బళ్ళోకి? వాళ్ళ బళ్ళోకా?" అంది వెంకటశేషమ్మ.

"బడి సర్కారుది అత్తమ్మా, వాళ్ళది కాదు. ఒక పిల్ల ఉంది. నోరు తెరవదు, కూడు తినడంలేదంట. మాస్టర్లు మొద్దు అంటున్నారు. లోపల ఏదో ఉందని నాకు అనిపిస్తా ఉంది. వాళ్ళు నమ్మట్లేదు."

వెంకటశేషమ్మ రాత్రంతా ఆలోచించింది. పొద్దున్నే బండిలో వరిగడ్డి వేయించి, బానని అందులో పడుకోబెట్టి, షరతులు చెప్పింది. కోడలు తప్ప ఎవరూ ముంచకూడదు. నీళ్ళు మన దొరువువే పొయ్యాల. శనివారం సాయంత్రం చింతపండు పెట్టి తోమాల. "హెడ్‌మాస్టరు దప్పికై చచ్చిపోతా ఉన్నా అందులో నీళ్ళు ఇయ్యబాక."

ఆ పిల్ల పేరు ముంతాజ్, పరుపులు కుట్టే సైదులు కూతురు. బడి వరండాలో బాన పక్కన చాప మీద దాన్ని కూర్చోబెట్టంగానే నీళ్ళు ఉప్పెక్కినాయి. మాస్టర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నాలిక మీద చుక్క వేసుకుని చూసి, సరే ఏదో ఉంది అని వెళ్ళిపోయినారు. చెంచులక్ష్మి ఆ పిల్లని ఏమీ అడగలేదు. ఇంటి నుంచి బియ్యమూ చేటా తెచ్చుకుంది. ఆ పిల్లకి ఎదురుగా కాకుండా, పక్కన, ఇద్దరూ సరుగుడు తోపు వైపు చూసేటట్టు కూర్చుని బియ్యం ఏరింది.

మూడో రోజు ఆ పిల్ల నోరు తెరిచింది. అన్న మద్రాసుకి పారిపోయేటప్పుడు ఎవరికీ చెప్పనని దాని చేత తన తల మీద ఒట్టు పెట్టించుకుని పోయినాడు. నాయన ఊళ్ళమ్మట వెతుకుతా ఉంటే అది చెప్పనూలేదు, తిననూలేదు. చెప్పి ఏడ్చింది. నీళ్ళు తియ్యనైనాయి. సైదులు రైలెక్కి పోయి కొడుకుని వెనక్కి తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత పిల్లలు వాళ్ళంతట వాళ్ళే రావడం మొదలుపెట్టినారు. వెంకటశేషమ్మ అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ నోట అన్నీ వినేది. ఎవరైనా "మీ కోడలు మంచిదబ్బా" అంటే, "బియ్యం ఏరడం రాదు" అనేది. కానీ ఆ మాట అన్నవాళ్ళకి దొరువు దగ్గర ఒక వంతు ముందుకి వచ్చేది.

ఏడాది నిండబోతుండగా ఊళ్ళో కొత్త మాట పుట్టింది. ఆ పిల్ల చేసేదేముంది, అంతా బాన చేస్తా ఉంది, అని. మస్తానమ్మ ఇంటి పంచలో పుట్టిందని కొందరన్నారు. హజరత్తయ్య పోయి పద్మనాభయ్యని సంతకం సంగతి అడిగి వచ్చినాడు.

"ఏమన్నాడు?" అంది వెంకటశేషమ్మ.

"ఇన్‌స్పెక్టరుగారు ఏమంటే అదే నా మాట అన్నాడు. వాళ్ళమ్మ ఒప్పుకోవడంలేదంట. మనకి దొరువు నీళ్ళియ్యని ఇంటికి నువ్వు సంతకం పెడతావా అంటా ఉందంట."

"తల నెరిసినోడు, అమ్మనడిగి సంతకం పెడతాడా?"

"నువ్వు ఒక మాట పోయి మాట్లాడితే ఏమవుద్దమ్మా?"

వెంకటశేషమ్మ కొడుకు వైపు ఎట్లా చూసిందంటే, హజరత్తయ్య చొక్కా వేసుకుని మిల్లుకి వెళ్ళిపోయినాడు. ఆరోజు మిల్లుకి సెలవు.

*

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు వెంకటశేషమ్మ ఉతికిన చీర కట్టుకుని, చింతపండు ఉండ కొంగున ముడి వేసుకుని బడికి బయలుదేరింది. ఆ గడప తొక్కడం అదే మొదలు.

"మీరెందుకు అత్తమ్మా ఎండలో?" అంది చెంచులక్ష్మి.

"నువ్వు తోమితే అడుగున పాచి ఉండిపోద్ది. పెద్ద మనిషి వచ్చి చూసేటప్పుడు నా బాన మురికిగా ఉండాల్నా?"

తోమింది. నీళ్ళు పోయించింది. మూత పెట్టి, ఎవరైనా ముట్టుకుంటారేమోనని దాని పక్కనే చాప మీద కాళ్ళు ముడుచుకుని కాపలా కూర్చుంది. ఎందరు చెప్పినా లేవలేదు.

ఇన్‌స్పెక్టరు జకరయ్యగారు గూడూరు నుంచి వచ్చినాడు. సన్నగా, పొడుగ్గా, చెప్పుల మీద దుమ్ము కూడా సహించని మనిషి. పిల్లలతో మాట్లాడినాడు, మాస్టర్లతో మాట్లాడినాడు. బాన సంగతి అందరూ చెప్పినారు. చెప్పింది విని తల ఊపి, వరండాలోకి వచ్చి చెంచులక్ష్మి ముందు నిలబడినాడు.

"అమ్మా, నేను అడగవలసింది ఒకటే. అంతా ఈ బాన చెప్తుంది అంటున్నారు ఊళ్ళో. అట్లాంటప్పుడు సర్టిఫికెట్టు బానకి ఇస్తే సరిపోతుంది గదా?"

చెంచులక్ష్మి జవాబు చెప్పేలోపల కింద నుంచి వచ్చింది జవాబు.

"ఇయ్యండి సారూ. దాని జీతం నేను తీసుకుంటా" అంది వెంకటశేషమ్మ. "అయితే ఒక మాట. బాన ఉప్పని చెప్తాది. ఎవురి ఉప్పో చెప్పదు, ఎందుకో చెప్పదు, దిగేదానికి మందియ్యదు. చెయ్యి పట్టుకుంటే జరం ఉండేది మా జమాల్‌బీకి కూడా తెలస్తాది. జమాల్‌బీని డాకటరంటారా?"

జకరయ్యగారు ఆమెని కాసేపు చూసి, "ఈమె ఎవరు?" అన్నాడు.

"బాన గలామె" అన్నాడు పద్మనాభయ్య ఎటో చూస్తూ.

"బాగా చెప్పినారమ్మా. దప్పికగా ఉంది, కాసిని నీళ్ళు ఇప్పించండి."

చెంచులక్ష్మి ముంచి ఇచ్చింది. జకరయ్యగారు ఒక గుక్క నోట్లో పోసుకుని, వరండా అంచుకి పరిగెత్తి ఊసేసినాడు.

"ఉప్పు! సముద్రమే నయం!"

అందరి మొహాలూ మాడిపోయినాయి. పద్మనాభయ్య పిల్లల వైపు తిరిగినాడు. "ఎవుర్రా? ఎవురికేం కష్టమొచ్చింది ఈరోజే? చెప్పండి!" పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముంతాజ్ ముందుకు వచ్చి, "నాది కాదు సార్, నాకు మొన్నటి నుంచి ఏమీ లేదు" అంది. ఒకడు మాత్రం భయపడి, తను పొద్దున దొంగతనంగా తిన్న బెల్లం సంగతి చెప్పేసినాడు. నీళ్ళు మారలేదు. పోటు నీరు దొరువులోకి ఎక్కి ఉంటుందని ఒక మాస్టరు అన్నాడు. ఆ మాటకి వెంకటశేషమ్మ లేవబోయింది. "నా దొరువులోకా? సముద్రానికి అంత ధైర్యం ఉండాదా?" సరేనని ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు తెప్పించి పోసినారు. మళ్ళీ ఉప్పే. అంతకు ముందుకన్నా చేదెక్కిన ఉప్పు.

"ఇప్పుడు చెప్పమ్మా" అన్నాడు జకరయ్యగారు చెంచులక్ష్మితో. "బాన చెప్పేసింది. ఇక మిగిలింది నీ పని. సాయంత్రం రైలుకి నేను వెళ్ళాలి."

చెంచులక్ష్మి ఒక్కొక్కరి మొహం చూడలేదు, ఎవరినీ పిలవలేదు. "పిల్లలూ, పోయి ఆడుకోండి" అంది.

"పిల్లల్ని పంపించేస్తే ఎట్టమ్మా!" అని పద్మనాభయ్య గాభరాపడినాడు.

"మీరిద్దరూ కూడా కొంచెం ఆ స్తంభం అవతల కూర్చోండి సార్."

లోపలికి పోయి చేటా బియ్యమూ తెచ్చుకుంది. వచ్చి బాన పక్కన చాప మీద, అత్తగారి పక్కన, సరుగుడు తోపు వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. బియ్యం ఏరసాగింది.

వెంకటశేషమ్మకి ఒళ్ళు మండింది. ఒక పక్క ఇన్‌స్పెక్టరు, ఒక పక్క ఉప్పు నీళ్ళు, రైలు టైము, ఈ పిల్ల బియ్యం ముందేసుకుని కూర్చుంది! ఆ ఏరడమన్నా సరిగా ఏరుతుందా అంటే అదీ లేదు. ఒక రాయి దాటిపోయింది. రెండో రాయి, అంత నల్లటి రాయి, దాటిపోయింది.

"కనపళ్ళేదా అమ్మాయ్? అదుగో ఆ రాయి."

"ఏది అత్తమ్మా?"

"ఇట్టా తే!"

చేట ఆమె ఒళ్ళోకి వచ్చింది. వేళ్ళు బియ్యంలో పడినాయి. వేళ్ళు కదిలితే ఆమె నోరు ఊరికే ఉండదు గదా. మొదట బియ్యాన్ని తిట్టింది, మిల్లుని తిట్టింది, మిల్లులో పని చేసే కొడుకుని తిట్టింది. తర్వాత తిట్లు అయిపోయినాయి. సరుగుడు తోపులో గాలి హోరు వినపడుతూ ఉంది.

"ఆ రోజు కూడా ఇట్టాంటి బియ్యమే" అంది వెంకటశేషమ్మ. "మొలగొలుకులు. వాసన ఊరంతా కొట్టింది."

"ఊ."

"మస్తానమ్మ ఇంట్లో పెళ్ళి, వాళ్ళ ఆడబిడ్డది. నేను కొత్త కోడల్ని. మా అత్త తన పట్టుచీర తీసి కట్టింది నాకు. మొదటి బంతిలో కూర్చోబెట్టినారు. ఆకేసినారు. నీళ్ళు చల్లుకున్నా. ఆకు చివర్న ఉప్పేసినారు. పప్పేసినారు. నెయ్యి గిన్నె వరసలో నా కాడికి వస్తా ఉండాది."

ఆమె చేతిలో ఒక రాయి ఆగిపోయింది.

"లేవమే, తాసీల్దారు పెళ్ళాం వచ్చింది, నువ్వు రెండో బంతిలో కూర్చుందువులే అనింది మస్తానమ్మ. అందరి ముందరా. ఆకు ముందర కూర్చున్న మనిషిని లేపతారా? అన్నం ముందర నుంచి! కుక్కని లేపినా ఒక ముద్ద వేసి లేపతారు. లేచినా. ఏడవలా. నవ్వతానే లేచినా. ఆ చీర కుచ్చిళ్ళు పట్టుకోని ఆకులు తొక్కకుండా బయటకొచ్చినా. రెండో బంతికి పిలిస్తే కడుపునొప్పి అన్నా. ఇంటికొచ్చి సద్దికూడు తిన్నా. మా అత్త అడిగితే పెళ్ళి భోజనం బాగుందని చెప్పినా. మా ఆయనకి చెప్పలా, చెప్తే పోయి కొట్లాడతాడు. ఎవురికీ చెప్పలా. ఆనాటి నుంచి ఈ బాన పక్కన కూర్చోలా. ఈరోజు కాపలా ధ్యాసలో మరిచి కూర్చున్నా."

రాయిని వరండా కిందికి విసిరేసింది.

"వాళ్ళ ఇంటి ఉప్పు నేను తినలా. వాళ్ళకి నేనేం బాకీ లేను."

స్తంభం అవతల నుంచి పద్మనాభయ్య లేచి వచ్చినాడు. హెడ్‌మాస్టరు నడక కాదు అది. వచ్చి చాపకి దూరంగా నేల మీద కూర్చున్నాడు.

"ఆ ఉప్పు నేనే వేసినా పెద్దమ్మా."

వెంకటశేషమ్మ తల తిప్పింది.

"పిలకాయల్ని ఉప్పూ నీళ్ళూ వడ్డించమంటారు గదా. నాకు ఉప్పు గిన్నె ఇచ్చినారు. మీ ఆకులో వేసినా. వెనక్కి తిరిగి చూస్తే మీరు లేచి పోతా ఉన్నారు. నేను ఉప్పు ఎక్కువేసినాననీ, అందుకే లేచి పోయినారనీ అనుకున్నా. అమ్మ కొడతాదని ఎవురికీ చెప్పలా. మీరు మాకు నీళ్ళు ఇయ్యకపోతే, నేనేసిన ఉప్పు వల్లే అనుకుంటా పెరిగినా."

చెంచులక్ష్మి లేచి, బాన మూత తీసి, లోటా ముంచి జకరయ్యగారికి ఇచ్చింది. ఆయన ఈసారి జాగ్రత్తగా నాలికతో తాకి చూసినాడు. తర్వాత లోటా ఎత్తి గటగటా తాగినాడు. ఇంకో లోటా అడిగి తాగినాడు.

"నా ఉప్పు ఎట్టా ఉండింది సారూ?" అంది వెంకటశేషమ్మ.

"నా సర్వీసులో అట్లాంటిది రుచి చూడలేదమ్మా."

"ఇన్నేండ్లు ఊరింది గదా" అంది ఆమె, మంచి ఆవకాయని గురించి చెప్పినట్టు.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరుగారికి భోజనం పద్మనాభయ్య ఇంటి నుంచి వచ్చింది. వరండాలో ఆకులు వేసినారు. జకరయ్యగారు చేతులు కడుక్కుని మొదటి ఆకు దగ్గరికి నడిచినాడు. పద్మనాభయ్య అడ్డం వచ్చి నిలబడినాడు.

"సార్, క్షమించాలి. అది మా పెద్దమ్మది. తమరు పక్క ఆకులో కూర్చోండి."

జకరయ్యగారు ఆ ఆకు వంక చూసినాడు, ముసలామె వంక చూసినాడు. రెండడుగులు పక్కకి వేసినాడు.

"కూర్చోండమ్మా. మీరు కూర్చున్నాకే నేను."

వెంకటశేషమ్మ వెంటనే కూర్చోలేదు. ఆకు తిరగబడి ఉందేమో చూసింది. దుమ్ము ఉందేమో చూసింది. కొంగు సర్దుకుంది. ఒక ఇన్‌స్పెక్టరూ ఒక హెడ్‌మాస్టరూ ఆరుగురు మాస్టర్లూ నిలబడి ఉండగా, తీరిగ్గా కూర్చుంది. పద్మనాభయ్య ఉప్పు గిన్నె తెచ్చినాడు.

"కొంచెంగా వెయ్యి అబ్బయా" అందామె. "ఈసారి తింటాను."

*

చెంచులక్ష్మి సర్టిఫికెట్టు వానలు పడే కాలంలో హైదరాబాదు నుంచి వచ్చింది. బాన లేని ఊరికి పంపినా ఈమె పని చేయగలదని జకరయ్యగారు రాసినాడట. కింద పద్మనాభయ్య సంతకం, ఎవరినీ అడక్కుండా పెట్టింది. వెంకటశేషమ్మ దాన్ని చదవలేదు గానీ దొరువు దగ్గర పది మందికి చూపించింది. చేతులు తడిగా ఉన్నవాళ్ళని ముట్టనియ్యలేదు. "మా కోడలికి రెండు రాష్ట్రాల్లో చెల్లుతాది" అంది. "మీలో ఎవురికన్నా ఒకదాంట్లోనన్నా చెల్లుతాదా?"

"నాకు మా ఇంట్లోనే చెల్లదక్కా" అంది జమాల్‌బీ.

ఈసారి వెంకటశేషమ్మ కూడా నవ్వింది.

ఆ రాత్రి అన్నం తింటుంటే ఆమెకి ఏదో తేడా తెలిసింది. ముద్ద తర్వాత ముద్ద తింది. ఒక్క రాయి తగల్లేదు. ఆరోజు ఆమె దొరువు దగ్గరే ఉండిపోయింది కాబట్టి బియ్యం కోడలే ఏరింది, మళ్ళీ ఏరిన వాళ్ళు లేరు. నోట్లో ముద్ద పెట్టుకుని కోడలి వైపు చూసింది. చెంచులక్ష్మి తల వంచుకుని మజ్జిగ పోస్తూ ఉంది.

ఏడాది పైగా ఒడిలోకి చేట లాక్కున్న రోజులన్నీ వెంకటశేషమ్మకి వరసగా గుర్తొచ్చినాయి. కంది గింజంతేసి రాళ్ళు. కయ్యల సంగతి, మొగుడి సంగతి, విత్తనాల సంగతి.

"ఏం పిల్లవే నువ్వు" అంది. తిట్టడానికి ఎంత వెతికినా వంక దొరకలేదు. మెచ్చుకోవడం ఆమెకి అలవాటు లేదు.

వారం తర్వాత ఒక పొద్దున, అందరూ ముంచుకుని వెళ్ళిపోయినాక, కంప అవతల మస్తానమ్మ కనపడింది. ముసలిదైపోయింది. చంకలో చిన్న బిందె. లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు. పోనీ ఏమన్నా అంటుందా అంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

వెంకటశేషమ్మ ఇసకలో కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో చేట ఉంది. కంప వైపు చూడకుండా కొంచెం జరిగి పక్కన చోటు చేసింది, సముద్రం వైపు మొహం పెట్టుకుని కూర్చునేటట్టు. మస్తానమ్మ వచ్చి ఆ చోట్లో కూర్చుంది. వెంకటశేషమ్మ బియ్యం ఏరుతూ, ఒక నల్ల రాయి దగ్గరికి వచ్చి, వేలు ఆపి, దాన్ని దాటి పోయింది.

ఒక్క రాయే. రెండోది వదలడానికి ఆమెకి చేతులు రాలేదు.

"మే శేషమ్మా" అంది మస్తానమ్మ. "ఆ రాయి చూసుకోలేదు నువ్వు."

"యాడ?" అంది వెంకటశేషమ్మ, చేట ఆమె వైపు జరుపుతూ.